ఇంటి పెరట్లో గుంతకల్లు

గుత్తికోట ఎక్కి కిందికి చూసినవారికి రైలుబండి ఆటబొమ్మలా కనిపించడం వింతకాదు. కోట శిఖరం చుట్టూ ఉన్న మైదానం కంటె వెయ్యి అడుగులు ఎత్తు. అంత ఎత్తునుంచి ఇంజను అగ్గిపెట్టె, బోగీలు దాని వెనక పాకుతున్న జెర్రి. అయితే ఆ బొమ్మను నిజంగానే ఇంట్లో పెట్టుకోవాలంటే ఎంత చిన్నది చేయాలి? ఈ ప్రశ్నకు సమాధానం గుత్తిలో కాదు, పక్కనే ఉన్న గుంతకల్లులో దొరుకుతుంది.

గుంతకల్లు రెండు కొలతల ఊరు. మద్రాసునుంచి బయలుదేరిన బ్రాడుగేజి దారి ఈ సీమమీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారిని కలిసింది. ఆ పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు. ఆ తర్వాత పందొమ్మిదో శతాబ్ది ముగిసేలోగా బళ్ళారి, హుబ్బళ్ళివైపూ, ద్రోణాచలం, నంద్యాల మీదుగా బెజవాడవైపూ, ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగుళూరువైపూ మీటరుగేజి దారులు వచ్చి ఇక్కడ చేరాయి. వాటి ఎడం సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. ఒక దారి బండి మరో దారిలో పోలేదు. ఎంతటివారైనా పెట్టే బేడా దింపుకుని, పిల్లల్ని లెక్క చూసుకుని, బండి మారవలసిందే. మూటలకూ అదే గతి. 1992లో దేశమంతటా ఒకే గేజి ఉండాలన్న పథకం మొదలైంది. ఇప్పుడు ఈ సీమలో మీటరుగేజి బండి లేదు.

గుంతకల్లులో మాకు మిత్రులొకరున్నారు. మీటరుగేజి బండ్లమీద చాలాకాలం గార్డుగా పనిచేసి విరమించినవారు. మనుమలకు ఆ బండి ఎలా ఉండేదో మాటలతో చెప్పి విసిగి, తయారుచేసే చూపిద్దామని సంకల్పించారు. బండి ఎలాగూ పెద్దదిగానే ఉండాలన్నారు. తన చూపు సన్నగిల్లింది, మనుమడి వేళ్ళు ఇంకా కుదురుకోలేదు. ఎంత పెద్దది అన్నదే చిక్కు.

ఇక్కడ పాఠకులు రెండు మాటలు వేరుచేసి చూడాలి. స్కేలు అంటే నిజమైన వస్తువును ఎన్నో వంతుకు తగ్గించామన్నది. గేజి అంటే పట్టాల మధ్య ఎడం. గేజి ఒకటే ఉండి స్కేళ్ళు వేరుకావచ్చు. 45 మిల్లీమీటర్ల గేజినే తీసుకోండి. 1968లో జర్మనీలో లేమన్ కంపెనీవారు ఎల్.జి.బి. పేర తోటల్లో నడిచే బండ్లు తెచ్చారు. వాటి స్కేలు 22.5వ వంతు. వెయ్యిని 22.5తో భాగిస్తే 44.4 వస్తుంది. అంటే అది అచ్చంగా మన మీటరుగేజి! అదే 45 మిల్లీమీటర్ల పట్టామీద 32వ వంతు బండి పెడితే అది ఐరోపావారి 1435 మిల్లీమీటర్ల దారి అవుతుంది. మన బ్రాడుగేజి బండిని 32వ వంతు చేస్తే దానికి 52 మిల్లీమీటర్ల పట్టా కావాలి. 45 మీద నిలబెట్టామా, పెద్దమనిషికి పసివాడి చెప్పులు తొడిగినట్టుంటుంది.

హాల్లోనే పెట్టాలనుకునేవారికి ఒక ఉపాయం ఉంది. ఓ గేజి అనే 32 మిల్లీమీటర్ల పట్టామీద 32వ వంతు బండి నడిపితే అదీ మీటరుగేజే. పందొమ్మిదిన్నర మీటర్ల బోగీ అప్పుడు 61 సెంటీమీటర్లకు వస్తుంది. 22.5వ వంతులో అదే 87 సెంటీమీటర్లు. అయిదు బోగీలూ ఇంజనూ కలిస్తే అయిదు మీటర్లు దాటుతుంది. పదిహేను అడుగుల హాల్లో బండి తన తోకను తానే తరుముకుంటుంది. మలుపులు మరొక తంటా. ఎల్.జి.బి. వారి అతిచిన్న మలుపు వ్యాసార్థం 60 సెంటీమీటర్లే. పొట్టిబండ్లకు అది చాలు. పొడుగు బోగీలు దాన్లో తిరగనే తిరగవు, తిరిగినా చూడముచ్చటగా ఉండవు.

కాబట్టి పెరడే శరణ్యం. అనంతపురం సీమలో పెరడంటే పచ్చిక కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, మిగిలినదంతా ఎండ. కర్ర చీకిపోతుందన్న భయం తక్కువే కాని, ఎండకు లోహం సాగుతుంది. పది మీటర్ల ఇత్తడి పట్టా 40 డిగ్రీల తేడాకు ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. అతుకుల దగ్గర సందు వదలకపోతే పట్టా పాములా మెలికలు పడుతుంది. ఆషాఢపు గాలి దుమ్ము తెచ్చి పట్టాలమీద పరుస్తుంది. అందుచేత పట్టాలగుండా కరెంటు పంపడం కంటె ఇంజన్లో బ్యాటరీ పెట్టడం మేలు. ఆ గాలికి తేలికబండ్లు పడిపోతాయి. బరువైన పెద్దబండి నిలుస్తుంది.

ఇక ప్రకృతి దృశ్యమంటారా, అది కొనవలసిన పనిలేదు. ఎర్రమట్టి ఉంది, నల్లరాయి ఉంది. జానెడు వేరుశనగ మొక్క 22.5వ వంతు లోకంలో అయిదు మీటర్ల చెట్టు! గుత్తికొండ మాత్రం ఇమడదు. దానికి పదమూడు మీటర్ల గుట్ట పోయాలి.

నేను మాత్రం పట్టుబట్టాను. రెండు గేజీలూ లేకపోతే అది గుంతకల్లు ఎలా అవుతుంది? 22.5వ వంతులో బ్రాడుగేజి ఎడం 74 మిల్లీమీటర్ల పైచిలుకు. అది బజార్లో దొరికే సరుకు కాదు, చేత్తో చేసుకోవలసిందే. ఇంజనూ పట్టాలూ అన్నీ చేయాలంటే ఒక జీవితకాలం పని. మిత్రులు నవ్వి, "అదంతా సరేగానప్పా, నేను జెండా ఊపింది మీటరుగేజికి. బ్రాడుగేజి పక్క ప్లాట్‌ఫారంలో ఉండేది. అది నిలబడి ఉంటే చాలు, నడవాల్సిన పనిలేదు" అన్నారు.

అలాగే నిశ్చయమైంది. రెండు మీటర్ల బ్రాడుగేజి పట్టా, దానిమీద కదలని ఒక బోగీ, తొంభై అయిదు సెంటీమీటర్ల పొడుగున. పక్కన మీటరుగేజి బండి తిరుగుతూ ఉంటుంది. రెంటికీ మధ్య జానెడు ప్లాట్‌ఫారం. దానిమీద పెట్టే బేడాతో నిలబడవలసిన మనుషుల్ని చేసే బాధ్యత మనుమడికి అప్పగించారు. ఒక్కొక్కడూ మూడంగుళాల ఎత్తుండాలని తాతగారి ఆజ్ఞ.