అమ్మ డ్రెస్సింగ్ టేబుల్లో మూడో సొరుగు



పోయిన వారం గ్రూపులో మేం పెట్టిన సొరుగుల ఫోటోకి ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. ఆ చిన్న చిన్న గడులు ఎక్కడ కొన్నారు, లిప్‌స్టిక్కులు పడుకోబెట్టాలా నిలబెట్టాలా, తేదీ దాటినవి నిజంగానే పారేశారా అని చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడే రాస్తే మేలనిపించింది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. ఇందులో సొరుగుల సంగతి సగమే. మిగతా సగం మా అమ్మ సంగతి. ఆమెకు మొత్తం చదివి వినిపించి, సరే పెట్టండి అన్నాకే పెడుతున్నాం.

మేం అంటే ఇద్దరం అక్కచెల్లెళ్లం. ఒకరిది వేలూరు, ఇంకొకరిది కాట్పాడి. అమ్మానాయనా మొన్నటిదాకా గుడియాత్తంలోనే ఉన్నారు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు, ఆ ఇంట్లో మెట్లు ఎక్కలేకపోతున్నారని వేలూరుకు తెచ్చుకున్నాం. సామానంతా రెండు ట్రిప్పుల కుట్టియానైలో వచ్చేసింది. అమ్మ వద్దంటే వద్దన్న గ్రైండరు కూడా వచ్చింది. ఆమె తప్పకుండా రావాలన్నది ఒక్కటే, తన డ్రెస్సింగ్ టేబుల్. టేకుది. నిలువుటద్దం, కింద మూడు సొరుగులు. పెళ్లైన కొత్తలో నాయన చేయించి ఇచ్చింది.

సొరుగులు లాగితే ఒక్కటీ రాలేదు. వానాకాలం తేమకు ఉబ్బిపోయి బిగుసుకున్నాయి. బలంగా లాగితే పిడి ఊడి చేతికొస్తుంది, అందుకే ఆ పని చేయకండి. రెండు రోజులు ఫ్యాను కింద పెట్టాం. తర్వాత మెల్లగా కదిలించి బయటికి తీసి, పక్కల్లోనూ అడుగునా కొవ్వొత్తి బాగా రుద్దాం. ఇప్పుడు ఒక్క వేలితో లాగినా వస్తాయి.

నాయన పాత లుంగీ ఒకటి నేలమీద పరిచి మూడు సొరుగులూ దానిమీద బోర్లించాం. గుడియాత్తం లుంగీ కదా, ఎన్నేళ్లైనా చిరగదు. ఏమేం బయటపడ్డాయో చెప్తే నవ్వుతారు. తుప్పు పట్టిన పక్కపిన్నులు, ఒక సవరం, జడకుచ్చులు, పాండ్స్ డబ్బా, అడుగున గుప్పెడు పౌడరు గడ్డకట్టిన క్యూటికురా డబ్బా, ఎండిపోయిన తిలకం సీసాలు నాలుగు, మా చిన్నప్పటి కాటుక డబ్బా, మనవరాళ్లు వచ్చినప్పుడల్లా వదిలేసి పోయిన లిప్‌స్టిక్కులు, గోళ్ల రంగులు.

గడులు ఎక్కడివి అన్నారు కదా. అవి కొన్నవి కావు, అగ్గిపెట్టెలు! మా ఊళ్లో అగ్గిపెట్టెల పని ఎంత ఉండేదో మీలో చాలామందికి తెలుసు. మా చిన్నప్పుడు వీధిలో సగం ఇళ్లల్లో ఆడవాళ్లు మధ్యాహ్నం పూట పెట్టెలు అంటించేవాళ్లు. అమ్మా అంటించింది. కొలత తప్పి పనికిరాకుండా పోయిన పెట్టెల లోపలి అరలను పారేయకుండా సొరుగులో వరసగా పేర్చుకుంది. ఒక అరలో పిన్నీసులు, ఒక అరలో దిద్దుల మరలు, ఒక అరలో రబ్బరు బ్యాండ్లు. ఈ రోజుల్లో ఇదే పనికి ప్లాస్టిక్ ట్రేలు వందలు పోసి కొంటున్నాం. మేం పాత అరలు తీసేసి కొత్తవి పెట్టాం, అంతే. పొడుగు వస్తువులకు మొబైల్ ఫోను అట్టపెట్టెలు వాడాం.

ఇక ఏది ఉంచాలి, ఏది పారేయాలి. కంటికి తగిలేదాని దగ్గర మొహమాటం వద్దు. మస్కారా, నీళ్లలా ఉండే ఐలైనరు తెరిచిన మూడు నుంచి ఆరు నెలల్లో తీసేయాలి. డబ్బా వెనక మూత తెరిచిన సీసా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం అని ఉంటుంది చూడండి. తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని దాని అర్థం. తెరిచిన రోజు తేదీని చిన్న చీటీమీద రాసి అంటిస్తే గోల ఉండదు. కాటుక ఇంటిల్లిపాదీ ఒకే డబ్బాలో వేలు పెట్టడం మనకు అలవాటు. ఒకరికి కళ్లకలక వస్తే అందరికీ వస్తుంది, అది మాన్పించండి. లిప్‌స్టిక్కు వాసన మారితే, పైన చెమట పట్టినట్టు నీటి చుక్కలు వస్తే వదిలేయండి. మన కత్తిరి ఎండలకు అది పడుకోబెడితే కరిగి మూతకు అంటుకుంటుంది, నిలబెట్టడమే మంచిది. పడమటి గోడకు ఆనించి డ్రెస్సింగ్ టేబుల్ పెట్టకండి, సాయంత్రానికి సొరుగు పొయ్యిలా అవుతుంది. కుంకుమ, పౌడరు ఒకే సొరుగులో వద్దు. ఎందుకో మాకు అనుభవమే.

ఇంకొకటి, దీన్ని గట్టిగా చెప్పాలి. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీము ఒకటి దొరికింది, ఎవరో ఇచ్చారట. అలాంటివాటిలో పాదరసం ఉంటుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు అదే జరిగిందని పేపర్లలో వచ్చింది. అమ్మ చూస్తుండగానే పారేశాం.

ఇప్పుడు మూడో సొరుగు.

అందులో అన్నీ స్టిక్కర్ బొట్లే. అగ్గిపెట్టె అరల్లో వరసగా, ఒక్కో అరకూ అమ్మ చేతిరాతలో ఒక చీటీ. మా చిన్నది బడిలో తమిళమే చదివింది, దానికి తెలుగు అక్షరాలు రావు. "అమ్మమ్మ ఏమి రాసిందో చదివి చెప్పండి" అంది. చదివాం. ఆవగింజంత, పెసరగింజంత, కందిగింజంత, శనగగింజంత, పావలా, రూపాయి. మేం నవ్వుకున్నాం, ఇంత సర్దుడు మాకు చేతకాలేదే అని. చిన్నదే అడిగింది. "చిన్నవన్నీ అట్టలకు అట్లనే ఉండాయి, పెద్దవి మాత్రం అయిపోయినాయి. ఎందుకు?"

అద్దం చట్రం చూస్తే అక్కడా అదే. రాత్రి పడుకోబోయేముందు ఆడవాళ్లు బొట్టు తీసి అద్దానికి అంటిస్తారు కదా, ఎడమపక్క కింది నుంచి పైకి పాతవి అట్లాగే ఉండిపోయాయి. కింద ఆవగింజలు, పైకి పోనుపోను పెద్దవి. పెళ్లి ఆల్బమ్ తీశాం. 1998లో మాలో పెద్దదాని పెళ్లిలో అమ్మ నుదుట కందిగింజ. చిన్నదాని పెళ్లికి శనగగింజ. తమ్ముడి పెళ్లికి పావలా. మొన్న గంగమ్మ శిరసు పండగకు తీసిన ఫోటోలో రూపాయి. అన్నేళ్లూ చూస్తున్నాం, పెద్ద బొట్టు అమ్మకు బాగుంటుందని చెప్పింది కూడా మేమే.

అమ్మ మంచమ్మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ఏమీ అనలేదు. కాసేపటికి గోటితో బొట్టు ఒలిచి మా చేతిలో పెట్టింది. కింద తెల్లటి మచ్చ. సరిగ్గా బొట్టంత గుండ్రంగా.

"పెద్దదానికి సంబంధాలు చూసేటప్పుడు మొదలైంది మే. ఆవగింజంత ఉండె. బొల్లి అని ఎవరన్నా అంటే మీ ఇద్దరి పెళ్లిళ్లు ఏమయ్యేది? దాన్ని మూయాలని కందిగింజ పెట్టితి. అదీ అంతైంది. ఇంకొంచెం పెద్దది పెట్టితి."

పాతికేళ్లకు పైగా. తలకు పోసుకుని బయటికి రాకముందే బొట్టు పెట్టేది. ఆసుపత్రిలో ఆపరేషను రోజు బొట్టు తీయమన్న నర్సుతో గొడవ పడింది. ఆ రోజు మేం పట్టు, చాదస్తం అనుకున్నాం.

మరుసటి వారం వేలూరులోనే చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. గది చీకటి చేసి నీలం దీపం వేసి ఒళ్లంతా చూశారు. ఇంకెక్కడా మచ్చ లేదు. ఏ బొట్టు వాడుతున్నారని అడిగి, అట్ట తిప్పి వెనక జిగురు చూపించారు. కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుందట. అది చర్మానికి రంగునిచ్చే కణాలను చంపుతుంది. అందరికీ కాదు, కొందరికే. మచ్చను మూయడానికి ఇంకా పెద్ద స్టిక్కరు పెడితే ఆ మేరకు మచ్చా పెరుగుతుంది. అమ్మ పాతికేళ్లుగా చేసిన పని అదే. స్టిక్కరు మానేస్తే కొందరికి మెల్లగా రంగు తిరిగి వస్తుంది, ఇంత పాతదైతే పూర్తిగా రాకపోవచ్చు అన్నారు. కాబట్టి బొట్టు కింద దురద, ఎరుపు, పాలిపోవడం కనిపిస్తే అదే రోజు స్టిక్కరు ఆపేయండి. బొట్టు మార్చి చూద్దాం, పెద్దది పెట్టి మూద్దాం అనుకోకండి.

వచ్చేటప్పుడు ఆటో కోట పక్కనుంచి వచ్చింది. చిన్నది తన పుస్తకంలో పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టింది. 1806 జూలై 10న ఈ కోటలో సిపాయిలు తిరగబడ్డారు, నుదుటి బొట్లు పెట్టుకోవద్దు, పోగులు వద్దు, గడ్డాలు గీయండి, కొత్తరకం తలపాగా పెట్టండి అన్నందుకు అని. అమ్మ విని, "వాళ్లు తీయమంటే తీయమని కొట్లాడినారు. నేను తీస్తే ఏమైపోతుందో అని కొట్లాడితి" అని నవ్వింది. బొట్టు లేని నుదురుతో అమ్మ నవ్వడం మేం చూడడం అదే మొదలు.

ఇక్కడితో ఆపేస్తే ఈ పోస్టు మంచి ఆరోగ్య సలహాగా ఉండేది. కానీ ఒక మాట దాచి రాయడం మాకు ఇష్టం లేదు.

డాక్టరమ్మ "ఇది బొల్లి కాదు" అన్నప్పుడు మేమిద్దరం ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నాం. ఒకరి చేయి ఒకరు పట్టుకున్నాం కూడా. ఇంట్లో పెళ్లి వయసు పిల్ల ఉంది కదా. ఆవిడ అది గమనించారేమో, "బొల్లి అయినా అంటుకునేది కాదమ్మా, ప్రాణానికేమీ కాదు" అని మెల్లగా అన్నారు. ఆటోలో కూర్చున్నాక ఆ ఊపిరి గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే 2011లో మా తమ్ముడికి ఒక సంబంధం వచ్చింది. మన సంఘంలోని కుటుంబమే. పిల్ల బాగా చదువుకున్నది, తమ్ముడికి నచ్చింది. పిల్ల తల్లికి చేతులమీద తెల్ల మచ్చలు ఉన్నాయని మాకు ఎవరో చెప్పారు. మా ఇంట్లో, గుడియాత్తంలో, ఇదే డ్రెస్సింగ్ టేబుల్ ఉన్న గదిలో కూర్చుని వద్దని తేల్చింది మేమే, అక్కచెల్లెళ్లం. జాతకం కుదరలేదని చెప్పి పంపాం. అమ్మ అక్కడే ఉంది. నుదుట పావలా బొట్టుతో. ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడు అడిగాం, ఆ రోజు ఎందుకు చెప్పలేదని. "చెప్పి ఉంటే మీరు నన్నేమనేవాళ్లు?" అంది. మాకు జవాబు రాలేదు.

నాయనకు ఎట్లా చెప్పాలా అని రెండు రోజులు మథనపడ్డాం. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "నాకు తెలియకనా, ఆ బొట్లు తెచ్చింది నేనే గదా" అన్నారు. అవును, అమ్మ అంగడికి పోయి బొట్టు కొన్నది మేమెప్పుడూ చూడలేదు. సైజు మారినప్పుడల్లా ఆయనే అడిగి తెచ్చేవాళ్లు. ఇద్దరూ ఒకరితో ఒకరు ఈ మాట ఎప్పుడూ ఎత్తలేదట. అడిగితే ఆమె బాధపడుతుందని ఆయన, చెబితే ఆయన దిగులు పడతారని ఆమె.

ఇప్పుడు సొరుగులు ఇట్లా ఉన్నాయి. పైదాంట్లో దువ్వెన, పౌడరు, కాటుక, రోజూ వాడేవి. రెండోదాంట్లో జడ సామాను, పిన్నులు, పిల్లల లిప్‌స్టిక్కులు నిలబెట్టి. మూడోదాంట్లో అమ్మ కుంకుమ భరిణె, చిన్న వాసెలిన్ డబ్బా. కుంకుమ ఇంట్లోనే చేయాలని చూస్తోంది. పసుపు కొమ్ములు, నిమ్మరసం, వెలిగారం, పటిక. మొదటిసారి ఇటుక రంగు వచ్చింది, రెండోది ఎండుతోంది. అద్దం చట్రానికి ఉన్న పాత బొట్లన్నీ కొబ్బరినూనె రాసి గీకేశాం. అట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామంది అమ్మ, మేం ఒప్పుకోలేదు.

ఈసారి మన సంఘం కలయికకు అమ్మ వస్తుంది. కుంకుమ చిన్నగా పెడుతుంది కాబట్టి చుట్టూ మచ్చ కనబడుతుంది. ఎవరైనా అడిగితే తానే చెబుతుందట, మమ్మల్ని మధ్యలో దూరవద్దంది.

ఆ 2011 కుటుంబం వాళ్ల నంబరు దొరికింది. మేం చేస్తామంటే అమ్మ ఒప్పుకోలేదు, ఆ తల్లితో తానే మాట్లాడతానంది. నిన్న రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసింది. ఇవాళ పొద్దున తలకు పోసుకుని, కుంకుమ పెట్టుకుని, నంబరు పెద్ద అక్షరాలతో చీటీమీద రాసిమ్మని అడిగింది. రాసిచ్చాం. మూడో సొరుగులో పెట్టుకుంది.