నాలుగు వారాల పలక

ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పాలన్న మాట మన సంఘాల్లో ఏటా వస్తుంది. ఈ మధ్య అది ఆన్‌లైనులో నేర్పుదామన్న మాటగా మారింది. హోసూరు పిల్లవాడు, బళ్ళారి పిల్ల, షోలాపూరు పిల్లవాడు, బరంపురం పిల్ల, యానాం పిల్లవాడు ఒకే పంతులమ్మ ఎదుట కూర్చునే వసతి మన ముందు తరాలకు లేదు. అయితే ఆ తరగతికి కాలపట్టిక వేసే పని నా మీద పడ్డాక, ఎక్కణ్ణించైనా చేరవచ్చునన్న సంతోషం సగం తగ్గింది. అందరికీ కలిసివచ్చే రోజులేవీ?

కర్ణాటకలో ఏప్రిల్ రెండో వారంలో సెలవులిచ్చి మే నెలాఖరుకు బడి తెరుస్తారు. తమిళనాడులో జూన్ మొదట్లో, మహారాష్ట్రలో జూన్ నడుమ తెరుస్తారు. ఒడిశాలో ఎండలను బట్టి సెలవులు ముందుకూ వెనక్కూ జరుగుతాయి. అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే ఉమ్మడిగా మిగిలింది మే 1 నుంచి నాలుగు వారాలు. ఆదివారాలు తీసేస్తే 24 రోజులు.

ఇక గంట. చాలా ఇళ్ళల్లో ఫోను నాన్నది. ఆయన పనికి వెళితే ఫోనూ వెళుతుంది. కనుక ఉదయం ఏడు గంటలే తగినది. ఉచితంగా దొరికే జూమ్ తరగతి 40 నిమిషాలకు ఆగిపోతుంది. అదీ ఒకందుకు మంచిదే. పదేళ్ళ పిల్లలు అంతకు మించి తెర వైపు చూడరు. రోజుకు 40 నిమిషాల చొప్పున 24 రోజులంటే 16 గంటలు. మన చేతిలో ఉన్న కాలమంతా ఇంతే.

దీన్ని వారానికి రెండు రోజులు, రోజుకు రెండేసి గంటలుగా సర్దితే పంతుళ్ళకు సుళువని కొందరన్నారు. లెక్కకు అదీ పదహారు గంటలే. కాని గంటలను కుదించవచ్చు గాని రోజులను కుదించలేం. చదివింది ఎంత త్వరగా మరుస్తామో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ తనమీద తనే పరీక్ష చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. ఒకే రోజు పదిసార్లు చదవడం కంటే రోజులు విడిచి మళ్ళీ మళ్ళీ చదివితే ఎక్కువ నిలుస్తుందని ఆయన చెప్పినదాన్ని తర్వాతి వాళ్ళు ఎన్నోసార్లు పరీక్షించి చూశారు. మన వీధిబడి పంతుళ్ళు నిన్నటి పాఠం అప్పజెప్పించుకోకుండా కొత్తది మొదలుపెట్టకపోవడమూ ఆ తెలివే. అందుకని రోజుకు పది నిమిషాలు పాతవి, పదిహేను నిమిషాలు కొత్తవి, పది నిమిషాలు చదువు, అయిదు నిమిషాలు రాత అని వేశాను. శనివారం కొత్త పాఠం ఉండదు. పెళ్ళికో, అమ్మమ్మగారి ఊరికో వెళ్ళిన పిల్లలు ఆ రోజు అందుకుంటారు. నాలుగో వారమంతా కూడా కొత్తది లేదు. అంటే కొత్త పాఠాలున్నవి 15 రోజులే. పదిహేనేసి నిమిషాల చొప్పున అంతా కలిపి నాలుగు గంటల లోపే.

ఇక్కడే మాకు వాదం వచ్చింది. “అయ్యా, యాభైయారు అక్షరాలూ వరసగా రాకుండా పిల్లవాడు పుస్తకం ఎట్లా పడతాడు?” అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఏళ్ళకొద్దీ బడి ఉన్నప్పుడు ఆ వరసే మేలు. అక్షరాలు, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత వత్తులు. కాని నాలుగు గంటల్లో ఆ దారిన పోతే వత్తుల దగ్గరికి వచ్చేసరికి బడి తెరుస్తారు.

మన పిల్లలు నోటితో పలికే మొదటి మాటలు చూడండి. అమ్మ, నాన్న, అక్క, అన్నయ్య, తమ్ముడు, చెల్లి, అత్త, అవ్వ, తాతయ్య. వీటిలో వత్తు లేనిది ఒక్కటీ లేదు. వత్తులు చివరికి నెడితే ‘అమ్మ’ అని రాయడానికి పిల్లవాడు నెల రోజులు ఆగాలి. అందుకే ద్విత్వాలు మొదటి వారంలోకి తెచ్చాను. క, వ వత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే. రూపు మారే త, న, మ, య, ల వత్తులు అత్త, నాన్న, అమ్మ, అన్నయ్య, చెల్లి మాటల్లోనే దొరుకుతాయి. ఌ, ౡ, ఙ వంటివి ఈ వేసవికి పక్కన పెట్టాం.

ఇంకో చిక్కు, పిల్లలందరూ ఒకచోటినుంచి బయలుదేరడం లేదు. కన్నడ, తెలుగు లిపులు ఒకే పాత లిపినుంచి చీలినవి. బళ్ళారి పిల్ల నాలుగు రోజుల్లో సగం అక్షరాలు పోల్చుకుంటుంది. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. కింద వేసే వత్తు లేదు, చుక్కపెట్టి పక్కపక్కనే రాస్తారు. హోసూరు పిల్లవాడికి అక్కడ రోజులు కావాలి. మరాఠీ, ఒడియా చదివిన పిల్లలకు ఖ, ఘ లు కొత్త కావు గాని ఎ, ఏల తేడా, ఒ, ఓల తేడా వాళ్ళ లిపుల్లో లేదు. తెలుగు బడికే వెళ్ళే యానాం పిల్లవాడు ఆ వారం చిన్నవాళ్ళకు చదివి వినిపిస్తాడు. కనుక మొదటి వారం లిపిని బట్టి జట్లు, రెండో వారం నుంచి అందరూ కలిసి.

ఇంత తొందర ఎందుకంటారా? మన ఇళ్ళల్లో తెలుగు చెవికి, నాలుకకు ఉంది. కంటికి లేకుండా పోతోంది. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పదో తరగతి దాకా తప్పనిసరి అయింది. ఉన్న నేల భాష రావాలి, అందులో పేచీ లేదు. కాని బడిలో తెలుగుకు చోటు ఇరుకైనచోట మిగిలింది సెలవులే. అయిదు చదివే పిల్లవాడికి ఈ వేసవి దొరుకుతుంది. ఎనిమిదికి వచ్చాక ట్యూషన్లే దొరుకుతాయి.

నాలుగో వారంలో చదివేందుకు పాఠ్యపుస్తకం పెట్టలేదు. పెళ్ళి శుభలేఖ, పాత ఉత్తరం, అవ్వ చెప్పగా రాసుకున్న నాలుగు వాక్యాల కథ పెట్టాం. అవ్వ నోట ఏ మాట వస్తే ఆ మాటే రాయాలి. కోస్తా మాటలోకి దిద్దకూడదని పంతుళ్ళకు చెప్పాం. పులికాటు ప్రాంతపు తెలుగులో స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కతలు’ రాసి పుస్తకంగా వేయగలిగినప్పుడు, హోసూరు అవ్వ మాట పలకమీద నిలవలేదా?

పట్టికలో చివరి వరుస జూన్‌ది. బడి తెరిచాక ఆదివారం పది నిమిషాలు, ఇంట్లో ఒక పెద్దకు ఒక పేజీ చదివి వినిపించాలి. దానికి ఫోను అక్కర్లేదు, పంతులూ అక్కర్లేదు. వినేవాళ్ళు ఉంటే చాలు. ఆ పది నిమిషాలూ మనం కూర్చోకపోతే, మేలో నేర్చిన అక్షరాలు దీపావళి దాకా కూడా ఉండవు.