నెలాఖరు రక్తపోటు

నాది తెనాలిలో సబ్బులు, టూత్‌పేస్టుల ఏజెన్సీ. మా నాన్నగారి రోజుల్లో కంపెనీ మనిషి పక్షానికోసారి రైలు దిగి వచ్చి, మా ఇంట్లో భోంచేసి, ఆర్డరు రాసుకుని వెళ్ళేవాడు. ఇప్పుడు కంపెనీ నా జేబులోని ఫోనులోనే కాపురముంటోంది. ఏ కొట్టుకు ఎన్నింటికి వెళ్ళారు, టార్గెట్టులో ఇంకెంత మిగిలింది అని గంటగంటకూ అడుగుతుంది. నలుగురు గుమాస్తాలెందుకు, ఇద్దరు చాలరా అంటుంది. నెలాఖరైతే కొట్లవాళ్ళు అడగని సరుకు కూడా నా గొడౌనులో దించేస్తుంది.

ఇద్దరిని మానిపించి, ఆ పని నేనే నెత్తినేసుకున్నాను. పొద్దున ఏడింటికి షట్టరు ఎత్తితే దించేది రాత్రి పదింటికి. మధ్యాహ్నం మూడింటికి ఆవకాయ, మజ్జిగన్నం. నిద్ర ఐదు గంటలు. అయినా ‘నాకేం, గుండ్రాయిలా ఉన్నాను’ అనుకునేవాణ్ణి.

ఒకనాడు మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులని డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన పనిలో పనిగా నాకూ బి.పి. చూశారు. 180/110! కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసినా అంతే.

“తలనొప్పయినా లేదండీ” అన్నాను.

“అదే దాని గొడవ. చప్పుడు చేయకుండా గుండెనీ, మెదడునీ, మూత్రపిండాలనీ దెబ్బతీస్తుంది. వారానికి ఎన్ని గంటలు పనిచేస్తారు?”

లెక్కవేస్తే తొంభై! 55 గంటలు గానీ, అంతకు మించి గానీ పనిచేసేవారికి, 35-40 గంటలు చేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయట.

మానిపించిన గుమాస్తాల్లో ఒకతన్ని వెనక్కి పిలిచాను. రెండో అతను అప్పటికే గుంటూరులో పనికి కుదిరిపోయాడు. కొట్లు అడిగినంత సరుకే దించుకుంటానని కంపెనీకి రాసిచ్చాను. “వేరేవాళ్ళను చూసుకుంటాం” అన్నారు. ఏజెన్సీ ఉంటుందో, ఊడుతుందో!

మూడు నెలలకు బి.పి. అదుపులోకి వచ్చింది. ఇక మాత్రలెందుకని మానబోతే డాక్టరుగారు కేకలేశారు. అదుపులో ఉంచుతున్నవే ఆ మాత్రలు కదా!

కొట్టు మీద కూర్చునే సోదరులారా! ఒంట్లో బాగున్నా సరే, బి.పి. చూపించుకోండి. చూపించుకోబోయే అరగంట ముందు కాఫీ, సిగరెట్టు వద్దు. ఐదు నిమిషాలు నిదానంగా కూర్చోండి. రెండు వేర్వేరు రోజుల్లో 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరు చెప్పినట్టు వినండి. పచ్చళ్ళు, అప్పడాలతో కలిపి రోజుకు ఉప్పు ఒక టీస్పూను మించకూడదు. హఠాత్తుగా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తక్షణం పెద్దాసుపత్రికి పరుగెత్తండి. గల్లాపెట్టె లెక్క చూసుకుని వెళదామనుకోకండి.

మొన్న నెలాఖరున నా టార్గెట్టు తప్పింది. అయినా రాత్రి ఎనిమిదింటికే షట్టరు దించి ఇంటికి వెళ్ళాను. అన్నం వేడిగానే ఉంది. ఆవకాయ జాడీ మాత్రం మా ఆవిడ అటకెక్కించేసింది!