తాండూరు నుంచి ఢిల్లీకి: మొదటి రోజు

తాండూరు, వికారాబాదు పట్టణాలు హైదరాబాదుకు పడమటి దిక్కున ఉన్నాయి. ఢిల్లీకి పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో బయలుదేరి, తూర్పుగా కాజీపేట వరకు సాగి, అక్కడ ఉత్తరానికి తిరుగుతుంది. కనుక మా విద్యార్థి బృందం ఉత్తరాదికి చేరడానికి మొదట వంద కిలోమీటర్లకు పైగా తూర్పుకు ప్రయాణించవలసి వచ్చింది. పిల్లలకు ఇది వింతగా తోచింది. ఒకప్పుడు వ్యవహారం ఇందుకు సరిగ్గా తలకిందులుగా ఉండేదని వారికి తెలియదు.

వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రాజ్యపు రైలు మార్గం 1874లో ప్రారంభమైంది. ఆ తరువాత పదేళ్లకు పైగా హైదరాబాదు నగరానికి బయటి ప్రపంచంతో ఉన్న రైలు దారి అదొక్కటే. 1877 జనవరిలో ఢిల్లీ దర్బారు జరిగినప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు పదేళ్ల వయసు. దివాన్ సాలార్‌జంగ్ ఆ బాలుణ్ణి వెంటబెట్టుకుని దర్బారుకు వెళ్లారు. అప్పటికి రాజధాని కలకత్తా. ఢిల్లీకి ఆ హోదా దక్కుతుందన్న ప్రకటన 1911లో గాని రాలేదు. ఏదేమైనా ఆ రోజుల్లో హైదరాబాదులో రైలెక్కిన వారెవరైనా వికారాబాదు, తాండూరు దాటి వాడికి చేరవలసిందే. తరువాత మన్మాడ్ మార్గం వచ్చింది. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య పట్టాలు కలిశాక ఢిల్లీ బాట మా ఊళ్లను పూర్తిగా విడిచిపోయింది.

బృందంలో 26 మంది విద్యార్థులు. తాండూరు నుంచి 17 మంది, వికారాబాదు నుంచి 9 మంది. అందరూ ఇంటర్మీడియట్ చదువుతున్నవారే. వీరిలో ఆడపిల్లలు 11 మంది. ఈ 11 అనే అంకె వెనుక రెండు నెలల రాకపోకలున్నాయి. ఒక్కొక్క ఇంటికి మూడేసిసార్లు వెళ్లాము. ఉపాధ్యాయినులు ఇద్దరు వస్తున్నారని చెప్పినా కొందరు ఒప్పుకోలేదు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో పనిచేసే ఒక తండ్రి నన్ను అడగని ప్రశ్న లేదు. ఏ బెర్తు మీద ఎవరు పడుకుంటారు? నమాజు ఎక్కడ చేస్తారు? జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఇటువంటి ప్రశ్నలను సంకుచితత్వమని కొట్టిపారేసేవారున్నారు. నాకు మాత్రం అవి బాధ్యత తెలిసిన మనిషి ప్రశ్నలుగానే తోచాయి. అన్నింటికీ సమాధానం చెప్పాక ఆయన కాసేపు మౌనంగా ఉండి, అసలు మాట బయటపెట్టారు: "మాస్టర్ సాబ్, ఆరు రోజులకు నాకు భయం లేదు. చూసి వచ్చాక అక్కడే చదువుతానంటే ఏం చెప్పాలి?"

ఆయన భయం నిరాధారం కాదు. మా కార్యక్రమంలో ఎర్రకోట, జామా మసీదు, పార్లమెంటు భవనంతోపాటు జామియా మిల్లియా ఇస్లామియా సందర్శన కూడా ఉంది. 1920లో అలీగఢ్‌లో పుట్టి, 1925లో ఢిల్లీకి తరలిన ఆ విద్యాసంస్థను 1926 నుంచి 1948 వరకు నడిపిన డాక్టర్ జాకిర్ హుసేన్ 1897లో మన హైదరాబాదులో జన్మించినవారే. 1967లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన సమాధి ఆ ప్రాంగణంలోనే ఉంది. ఈ సంగతులన్నీ ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకంలో ముందే రాసి పెట్టుకున్నది. ప్రవేశ పరీక్ష వివరాలు కూడా. చివరకు తండ్రి ఒక షరతు పెట్టారు: తన తల్లి వెంట వస్తే పంపుతానన్నారు. అలా మా బృందంలో ఒక దాదీ చేరారు. అరవై దాటిన ఆమె అంతవరకు ప్రయాణించిన అత్యంత దూరం గుల్బర్గా, అదీ ఒక పెళ్లికి.

మన లెక్కలో మగ్రిబ్‌తోనే కొత్త రోజు మొదలవుతుంది గనుక, మా మొదటి రోజు తాండూరు ప్లాట్‌ఫారం మీద, మగ్రిబ్ నమాజు అనంతరం ఆరంభమైంది. ప్రయాణపు దుఆ చదివించాము. దాదీ రెండు స్టీలు డబ్బాల నిండా జొన్నరొట్టెలు, కందిపొడి తెచ్చారు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించిందని ఒక విద్యార్థి ఆమెకు వివరించబోతే, "దానికి ఇంకొకరు గుర్తింపు ఇచ్చేదేమిటి బేటా, తిని చూడు" అన్నారు.

వికారాబాదులో తొమ్మిది మంది ఎక్కారు. పాయెగా అమీరు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన ఆ పట్టణం ఆనుకుని అనంతగిరి కొండలు ఉన్నాయి. మూసీ నది పుట్టేది అక్కడే. చీకట్లో కొండలు కనిపించకపోయినా ఆ పిల్లలు వేలు చూపి చెబుతూనే ఉన్నారు. ఒకడు గట్టి ప్రశ్న వేశాడు: వికారాబాదు నుంచి హైదరాబాదు డెబ్బై కిలోమీటర్లే కదా, ఖసర్ ఎలా వర్తిస్తుంది? మా వెంట వచ్చిన మౌలానా సాహెబ్ ఓపికగా చెప్పారు. మన సంకల్పం హైదరాబాదు కాదు, ఢిల్లీ. కనుక ఊరి పొలిమేర దాటిన క్షణం నుంచే మనం ముసాఫిర్లం. జుహర్, అసర్, ఇషాల నాలుగు రకాతుల ఫర్జు రెండవుతుంది. ఫజర్, మగ్రిబ్‌లలో తగ్గింపు లేదు.

ఆ రాత్రి నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాలులో పడుకున్నాము. స్టేషను ఎదుటే ఏడవ నిజాం కాలంలో బాటసారుల కోసం కట్టిన సరాయి భవనం ఉంది. రైలు దిగినవారికి నీడ కల్పించడం పాలకుల బాధ్యతగా భావించిన కాలమది. ఫజర్ నమాజు ముగించుకుని పెట్టెలతో పరుగున వెళ్లి రైలెక్కాము.

భువనగిరి ఏకశిల కొండ, ఆలేరు, జనగామ దాటి కాజీపేట వచ్చేసరికి పిల్లల్లో సగం మంది నిద్రలోకి జారుకున్నారు. వారిని లేపింది రామగుండం. విద్యుత్ కేంద్రపు పొగ గొట్టాలు, బొగ్గు వ్యాగన్ల వరుసలు, ఆపైన గోదావరి వంతెన. తాండూరు పిల్లలకు కాగ్నా తెలుసు, వికారాబాదు వారికి మూసీ తెలుసు; ఎండాకాలంలో రెండూ మోకాలు తడపవు. గోదావరి ఆ చివర కనిపించేదాకా వారు మాట్లాడలేదు.

సిర్పూర్ కాగజ్‌నగర్ బోర్డు చూసి దాదీ నవ్వారు. కాగజ్ అంటే కాగితం కదా, ఊరికి ఆ పేరేమిటని అడిగారు. నిజాం కాలంలో, 1938లో స్థాపించిన కాగితపు మిల్లు వల్ల వచ్చిన పేరని చెప్పాను. ఇదే చివరి పెద్ద తెలుగు స్టేషను. ఆ తరువాత ఒక చిన్న స్టేషనులో సిగ్నలు కోసం రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద పరచినవి నాపరాళ్లు. "మన రాయే!" అని ఒక కుర్రవాడు కేకేశాడు. షాబాదుది కావచ్చు, బేతంచెర్లది కావచ్చు అని ఇంకొకడు వాదించాడు. కిటికీ ఊచలకు ముఖం ఆనించి, రంగును, అంచు కోతను బట్టి అరగంటసేపు తర్కించుకున్నారు. తండ్రులు దుమ్ము మింగుతూ కోసే రాయి ఎంత దూరం పోతుందో ఆ పిల్లలు లెక్కగట్టడం అదే మొదటిసారి అనుకుంటాను.

వార్ధా నది దాటి బల్లార్షా చేరే వేళకు జుహర్ సమయమైంది. రైలు ఉత్తరంగా వస్తున్నది గనుక ఖిబ్లా ఎడమచేతి వైపు. సీట్ల మధ్య చోటులో ఇద్దరిద్దరుగా నిలబడ్డాము. నాగ్‌పూర్ పోతున్న ఒక పెద్దమనిషి, నుదుట గంధపు బొట్టుతో ఉన్నారు, అడగకుండానే తన సామాను పైకెత్తి పెట్టుకుని, టీ అమ్మేవాణ్ణి చేయి అడ్డుపెట్టి ఆపారు. చివరి ఇద్దరు సలాం చెప్పేదాకా ఆ చేయి దించలేదు. తరువాత దాదీ ఆయనకు జొన్నరొట్టె ఇచ్చారు. ఆయనకు ఉర్దూ అర్థమైంది గాని మా దక్కనీ అర్థం కాలేదు. నాగ్‌పూర్ దాటాక రైలు వాయవ్యానికి తిరిగింది. అసర్‌కు దిక్సూచి చూసిన విద్యార్థి, ఖిబ్లా ఇప్పుడు ఇంజను వైపు, కాస్త ఎడమకు అని ప్రకటించాడు. ఒకే పెట్టెలో రెండు పూటలకు రెండు దిక్కులు; భూగోళం పాఠం ఇంత బాగా నేను ఏనాడూ చెప్పలేదు.

ఇటార్సీ తరువాత చీకట్లో నర్మద దాటాము. మూసీ, గోదావరి తూర్పుకు పారితే ఇది పడమరకు పారుతుంది. భోపాల్ చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆ ఊరి పేరు వినగానే పిల్లలు 1984 డిసెంబరు నాటి విషవాయువు గురించి అడిగారు, చెప్పాను. అంతటితో ఆపబుద్ధి కాలేదు. 1819 నుంచి 1926 వరకు, మధ్యలో కొద్ది సంవత్సరాలు మినహా, ఆ రాజ్యాన్ని నలుగురు బేగములు పాలించారు. దేశంలోని అతిపెద్ద మసీదులలో ఒకటైన తాజుల్ మసాజిద్ నిర్మాణాన్ని ఆరంభించినది షాజహాన్ బేగం. ఆమె కుమార్తె సుల్తాన్ జహాన్ బేగం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి 1920లో మొట్టమొదటి ఛాన్సలర్ అయ్యారు. దాదీ తస్బీహ్ తిప్పుతూ విన్నారు. ఏమీ అనలేదు.

లైట్లు ఆర్పి అందరూ పడుకున్నాక ఆమె కింది బెర్తు మీద నుంచి మెల్లగా పిలిచారు. "మాస్టర్ సాబ్, ఆ జామియాలో ఆడపిల్లల హాస్టలు ఉందా?"

ఉందన్నాను.

"రాత్రి గేటు ఎన్నింటికి మూస్తారో కనుక్కోండి. వంట ఎవరు చేస్తారో కూడా. నా కొడుకు నన్ను పంపింది ఇవి అడిగి రమ్మనే." పైబెర్తు మీద దుప్పటి కదిలింది. మనవరాలు నిద్రపోలేదు. నేను ఫజర్‌కు అలారం పెట్టబోతుంటే దాదీ వారించారు. తాము ఎటూ లేస్తారు గనుక అందరినీ తామే లేపుతామన్నారు.