ఎడారిలో మళ్లీ కొత్త కాపురం

ఇంటాయన రిటైరయ్యాక విశ్రాంతి ఎవరికి, పని ఎవరికి అన్న సందేహం మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఆయనకేమో శాలువా, పూలదండ, పెన్షను కాగితాలు. మనకో? పదకొండింటికో కాఫీ, మూడింటికి మరో కాఫీ, మధ్యలో "ఏమోయ్, నా కళ్లజోడు ఎక్కడ?" అన్న కేక! 35 ఏళ్లపాటు పగలంతా ఆఫీసులో ఉన్న మనిషి రోజంతా ఎదురుగా ఉంటే ఇద్దరికీ ఇబ్బందే. వరంగల్‌లోని మా ఇంట్లో ఆ ఏడాది చిన్న మాటకల్లా పెద్ద మౌనాలు నడిచాయి.

అలాంటి రోజుల్లో మేం వెళ్లింది కాశీకీ కాదు, రామేశ్వరానికీ కాదు. రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు! ఎడారి చూడాలన్నది మావారి చిన్ననాటి కోరిక. రెండు రోజులుండి ఒంటె ఎక్కి దిగి వచ్చేస్తే చూసినట్టు కాదని ఆయన వాదన. అలా 2023 నవంబరులో వెళ్లినవాళ్లం 2024 ఫిబ్రవరి దాకా అక్కడే ఉండిపోయాం.

1156లో రావల్ జైసల్ కట్టించిన కోట ఊరి నడుమ గుట్ట మీద ఉంటుంది. అంతా పచ్చని ఇసుకరాయి. సాయంత్రపుటెండలో పసుపు రాసిన గడపలా మెరిసిపోతుంది. ఆ కోటలో జనం ఇప్పటికీ కాపురాలుంటున్నారు. గదులు అద్దెకు కూడా దొరుకుతాయి. అయితే అది బిందెలతో మోసుకెళ్లిన నీళ్లతో గడిచిన కోట. కుళాయిలు వచ్చాక వాడిన నీళ్లు గుట్టలోకి ఇంకి గోడలు దెబ్బతింటున్నాయని తెలిసి, మేం కోట కింద వీధిలో రెండు గదులు తీసుకున్నాం.

అక్కడ ఏడాది మొత్తానికీ కురిసే వాన సుమారు 20 సెంటీమీటర్లే. పూర్వం ఊరంతటికీ 14వ శతాబ్దం నాటి గడీసర్ చెరువే దిక్కు. ఇప్పుడు పంజాబులోని హరికే దగ్గర మొదలయ్యే ఇందిరా గాంధీ కాలువ దాదాపు 650 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఈ జిల్లాకు నీళ్లు తెస్తోంది. అయినా మా వీధి కుళాయి రెండు మూడు రోజులకోసారి గానీ వచ్చేది కాదు. ఇంటి పెద్దావిడ మొదటి రోజే తొట్టి చూపించి, "బుధవారం దాకా మీ ఇద్దరికీ ఇదే" అంది.

మావారు అకౌంట్సులో పనిచేసిన మనిషి కదా, చెంబు పట్టుకుని లెక్క మొదలుపెట్టారు. బియ్యం కడగడానికెన్ని, గిన్నెలకెన్ని, బట్టలకెన్ని అంటూ నోటు పుస్తకంలో రాసుకుంటూ నా వెనకే తిరిగారు. మూడోనాటి సాయంత్రం పుస్తకం మూసి, "రోజుకి ఇన్నిసార్లు లేచి కూర్చుంటావా నువ్వు?" అనడిగారు. చూశారా, నీళ్ల లెక్క రాయబోతే నా పని లెక్క తేలింది! మర్నాటి నుంచి గిన్నెలు ఆయన వంతు. పెద్దావిడ చూపినట్టు ఇసుకతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, చివర్లో కాసిని నీళ్లతో తొలిచేవారు. నేను అడగనూ లేదు, ఆయన గొప్పగా చెప్పుకోనూ లేదు.

ఇక వంటల సంగతి. ఎడారి వంటింట్లో నీళ్లు చెయ్యాల్సిన పని సగం పెరుగూ మజ్జిగే చేస్తాయి. శనగపిండి ముద్దను వేలెడు కడ్డీలుగా చేసి, ఉడికించి, ముక్కలు కోసి పెరుగు పులుసులో వేస్తే గట్టే కూర. పక్కన నెయ్యి రాసిన సజ్జ రొట్టె. మన ఒరుగుల్లాగే కాయలను ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారు. వాటితో చేసేదే కేర్ సాంగ్రీ. కేర్ అంటే ముళ్లపొదకు కాసే గుండ్రటి చిన్న కాయలు, సాంగ్రీ అంటే సన్నటి పొడుగు కాయలు. రెంటినీ రాత్రంతా మజ్జిగ నీళ్లలో నానబెట్టి, ఉడికించి వార్చాలి. నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి వేగాక ఆ కాయలూ, ధనియాల పొడీ, ఆమ్‌చూరూ, ఉప్పూ వేసి మగ్గించాలి. అంతే!

ఆ సాంగ్రీ ఏ చెట్టు కాయో తెలుసా? మన జమ్మి చెట్టుదే! వాళ్లు ఖేజ్రీ అంటారు. దసరానాడు మనం 'బంగారం' అని పెద్దల చేతిలో పెట్టి దణ్ణం పెట్టేది దాని ఆకే. అక్కడ కాయ కూరకు, ఆకు పశువుల మేతకు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీలో రాజుగారి మనుషులు ఈ చెట్లు నరకబోతే, అమృతాదేవితో మొదలై 363 మంది బిష్ణోయీలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. ఇవాళ రాజస్థాన్‌కూ, మన తెలంగాణకూ కూడా అదే రాష్ట్ర వృక్షం. ఈ సంగతి తెలిసిన రోజు మావారు రొట్టె తుంచుతూ, "బంగారమే తింటున్నామన్నమాట!" అన్నారు. ఎన్నాళ్లకో ఇద్దరం కలిసి నవ్వుకున్నాం.

మీరూ వెళ్లదలిస్తే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలపు రాత్రులకు స్వెట్టర్లు తప్పనిసరి. కొబ్బరినూనె గడ్డకడుతుంది కాబట్టి వెడల్పు మూతి సీసాలో పట్టుకెళ్లండి. చిన్న కుక్కరు, చింతపండు, పచ్చడి, డాక్టరు చీటీతో సహా సరిపడా మందులు మరవకండి. అన్నిటికన్నా ముఖ్యం, వంటగది ఉన్న చోటే దిగండి. హోటల్లో అన్నీ ఎవరో చేసిపెడుతుంటే, ఒకరి పని ఒకరికి కనిపించే దారేదీ?

తిప్పితే చాలు నీళ్లొచ్చే ఇంట్లో ఆ లెక్క మళ్లీ మరుగున పడిపోతుందేమోనని నోటు పుస్తకాన్ని వంటింట్లో మేకుకు తగిలించాను. ఇంతవరకూ తీసి చూపించాల్సిన అవసరం మాత్రం రాలేదు లెండి!