ఖాళీ కవరు

"సంచికకు ఏదైనా రాయండి సార్, మీ ఉద్యోగం గురించైనా సరే" అన్నారు యూనియన్ కుర్రాళ్ళు. నా ఉద్యోగం గురించి మొదలెడితే మా ఇంట్లోవాళ్ళే లేచిపోతారు. అయినా ప్రయత్నిస్తాను.

మన కాలేజీ ఆఫీసులో అవుట్‌వర్డ్ రిజిస్టరు చూసిన గుమాస్తాగారు పాత విద్యార్థులకు జ్ఞాపకం ఉండే ఉంటారు. బయటకు పోయే ప్రతి కాగితం ఆయన బల్ల మీదుగా పోవలసిందే. నెంబరు వేసి, జత కాగితాలు లెక్కపెట్టి, కవరులో పెట్టి అంటించేవారు. సరిగ్గా అలాంటి బల్ల దగ్గరి పనే నాకు దొరికింది. ఒక కంపెనీ కంప్యూటర్లోని సమాచారాన్ని అవతలివాళ్ళకు కావలసిన రూపంలోకి మార్చి పంపే బిజ్‌టాక్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. అందులో సమాచారం బయటకు పోయే దారి పేరు సెండ్ పైప్‌లైన్. ప్రీ-అసెంబుల్, అసెంబుల్, ఎన్‌కోడ్ అని మూడు మజిలీలు. ఉన్న సరంజామా చాలకపోతే మనమే సి-షార్ప్‌లో ఒక ముక్క రాసి తగిలించుకోవచ్చు.

2011లో ఒక ఫ్యాక్టరీ జీతాల ఫైలు బ్యాంకుకు పంపే పని నాకు అప్పగించారు. ఫైల్లో ఎంతమంది పేర్లున్నాయో లాగ్‌లో రాయమన్నారు. ఇదెంత పని! ఎన్‌కోడ్ దగ్గర నా ముక్క పెట్టి, పరీక్షించాను. లెక్క సరిపోయింది. టీ తాగి ఇంటికి పోయాను. బయటకు వెళ్ళిన ఫైలు మాత్రం తెరిచి చూడలేదు.

ముప్పయ్యో తారీకు రాత్రి ఫైలు వెళ్ళింది. లాగ్‌లో 640 మంది అని ఠంచనుగా పడింది. బ్యాంకుకు చేరింది సున్నా బైట్ల ఫైలు! సంగతేమంటే, పైప్‌లైన్‌లో సమాచారం స్ట్రీమ్‌గా, టేపు మాదిరి నడుస్తుంది. నేను లెక్క కోసం టేపు చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పకుండా వదిలేశాను. నా తర్వాత చదివే భాగం అక్కణ్ణుంచే మొదలెట్టింది. అక్కడేముంది, ఏమీ లేదు.

జీతాలు రెండు రోజులు ఆలస్యమయ్యాయి. ఫ్యాక్టరీ అకౌంట్స్ ఆయన నన్ను తిట్టలేదు. "బాబూ, ఇంటద్దె కట్టాల్సినవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఏం చెప్పమంటావు?" అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది.

దిద్దుబాటు ఒక్క వరుసే, టేపును మొదటికి తిప్పడం. అయితే కొన్ని స్ట్రీములు వెనక్కి తిరగవు. పెద్ద ఫైలును మొత్తం మెమరీలో పోసుకుందామంటే సర్వర్ చతికిలబడుతుంది. చివరకు ఆ స్ట్రీమ్‌కు పైన ఇంకొకటి తొడిగి, తర్వాతి భాగం చదువుకుంటూ పోతుంటే పక్కనుంచే లెక్కపెట్టేలా మార్చాను.

గుమాస్తాగారు కవరు అంటించాక కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, లోపల కాగితం ఉందో లేదో ఒకసారి చూసేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.