ఉత్తుత్తి గుండీలు

మగవాళ్ల చొక్కాకి ముందుపట్టీ మీద ఆరో ఏడో గుండీలు, చేతులకి రెండు. నేను ఎన్ని వేల చొక్కాలకి కాజాలు గుర్తు పెట్టానో లెక్కలేదు. అలాంటిది 2012 చలికాలంలో ఒక పొద్దున, మోతీనగర్‌లో మా రెండో అంతస్తు ఇంట్లో, అద్దం ముందు నిలబడి నా చొక్కా గుండీ నేను పెట్టుకోలేకపోయాను. గుండీ చేతికి దొరుకుతోంది, కాజా దొరుకుతోంది, రెంటినీ కలిపే పట్టు మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఒక్క మాటా అడక్కుండా, బడికెళ్లే పిల్లాడికి పెట్టినట్టు కింది నుంచి పైదాకా అన్నీ పెట్టింది. నేను ఆమె ముఖంలోకి చూడలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాను.

నేను సినిమావాళ్లకి బట్టలు కోసే కటింగ్ మాస్టర్ని. సొంతూరు తెనాలి. మా నాన్న పౌరాణిక నాటకాలు ఆడేవాళ్లకి మఖమలు కోట్లూ జరీ అంచుల అంగరఖాలూ కుట్టేవాడు. నేను 1998లో హైదరాబాద్ వచ్చి, కృష్ణానగర్‌లో నలుగురితో ఒకే గదిలో ఉండి, పెళ్లయ్యాక మోతీనగర్ చేరాను. మా పనివాళ్లలో చాలామంది బతుకు ఇంతే. పని ఫిల్మ్‌నగర్‌లో, ట్రయల్స్ జూబ్లీహిల్స్‌లో, అద్దె కట్టేది మాత్రం యూసుఫ్‌గూడలోనో బోరబండలోనో మోతీనగర్‌లోనో.

తెరమీద ఒక్క చొక్కా కనిపించిందంటే మా బల్లమీద నాలుగు తయారైనట్టు. ఒకటి హీరోకి, ఒకటి డూపుకి, ఒకటి రక్తం మరకలకి, ఒకటి ఫైటులో చిరగడానికి. డూపు భుజం కొలత వేరు, అయినా జేబు దగ్గర గళ్లు అన్నిట్లోనూ ఒకే చోట కలవాలి. గళ్లు లేని గుడ్డయితే మడతలన్నీ పేర్చి పన్నెండంగుళాల కత్తెరతో ఒకేసారి కోసేస్తాం. జీన్స్ గుడ్డ నాలుగు పొరలు కోసేటప్పుడు భారమంతా బొటనవేలి మొదట్లో పడుతుంది. అందుకే వేళ్లు వాచినప్పుడు అది కత్తెర తెచ్చిన వాపే అనుకున్నాను. ప్రతి మాస్టర్‌కీ ఉండేదేనని తోటివాళ్లూ అన్నారు. నువ్వులనూనె కాచి రాసుకున్నాను, నొప్పి గోళీలు మింగాను, ఎనిమిది నెలలు అలాగే గడిపేశాను. కత్తెర పట్టేది కుడిచేయి. వాచినవి రెండు చేతులూ. ఏనాడూ కత్తెర ఎరగని ఎడమచేయి ఎందుకు వాచిందని నేను అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. మొదట్లోనే మందు పడితే కీలు పాడవకుండా ఆపే అవకాశం ఎక్కువని తర్వాత తెలిసింది. పోయిన ఆ ఎనిమిది నెలలకి నాకిప్పటికీ బాధే.

చివరికి పంజగుట్ట నిమ్స్‌కి వెళ్లాను. మా వీధి పెద్దవాళ్లు దాన్ని ఇంకా ఎముకల దవాఖానా అనే అంటారు. డాక్టరుగారు నా చేతులు రెండూ తిప్పి చూసి ఒకటే అడిగారు: ‘పొద్దున లేచాక వేళ్లు వదులవడానికి ఎంతసేపు పడుతోంది?’ గంట పైనే అన్నాను. రక్తపరీక్షలు రాశారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇది వాడకం వల్ల వచ్చిన అరుగుదల కాదట. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటున కీలు లోపలి పొర మీదే పడి దాన్ని వాచేలా చేస్తుందట. వేలి చివరి కణుపుని ఎక్కువగా వదిలేసి, మధ్య కణుపునీ అరచేతి దగ్గరి కణుపునీ మణికట్టునీ పట్టుకుంటుందట. అది వినగానే నాకు ఒక చిక్కు విడిపోయింది. సూదిలో దారం ఎక్కించగలుగుతూ కత్తెర ఎందుకు నొక్కలేకపోతున్నానో అప్పటిదాకా అర్థంకాలేదు.

మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని రెండుసార్లు చెప్పించుకుని మరీ పంపారు. మా ఇంట్లో దాని పేరు ‘ఆదివారం గోళీ’. క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం మీదా మా ఆవిడ టైలరింగ్ సుద్దతో గీత పెడుతుంది, వేసుకున్నాక అడ్డంగా కొడుతుంది. రెండు మూడు నెలలకోసారి రక్తం పరీక్ష, లివర్ ఎలా ఉందో చూడటానికి. మందు పని చూపడానికి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఈలోపు సంగతి తెలిసిన ఒకాయన ‘రెస్టు తీసుకో మాస్టరూ’ అని చేతిలో ఉన్న సినిమా పని వేరేవాళ్లకి ఇచ్చేశారు. ప్రేమగానే అన్నారు. కానీ ఆ నెల అద్దెకి అప్పు చేశాను.

రెస్టు గురించి నాకు అసలు సంగతి నేర్పింది ఫిజియోథెరపీ చెప్పిన అమ్మాయి. మా పెద్దమ్మాయి కంటే కొన్నేళ్లు పెద్దదేమో. ‘అంకుల్, వాపు ఉన్న కీలుకి విశ్రాంతి కావాలి, కదలికా కావాలి. రెండూ కొలతగా’ అంది. కొలత అన్న మాటకే నేను ఆమెకి లొంగిపోయాను. పొద్దున లేవగానే గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో రెండు చేతులూ ముంచి ఐదు నిమిషాలు. నీళ్లలోనే మెల్లగా పిడికిలి మూయడం, తెరవడం. తర్వాత బొటనవేలిని ఒక్కో వేలి కొసకీ ఆనించి గుండ్రంగా సున్నా చుట్టడం. అరచేయి బల్లమీద పరిచి వేళ్లని ఒకదాని తర్వాత ఒకటి బొటనవేలి వైపుకి జరపడం. ఒక్కోటి పదిసార్లు. వాపు ఎక్కువున్న రోజు కదపడమే తప్ప బలం పెట్టకూడదు. వ్యాయామం అయిన రెండు గంటలకి కూడా నొప్పి మామూలుకంటే ఎక్కువగా ఉంటే, ఆ రోజు మితిమీరినట్టు, మర్నాడు తగ్గించాలి. పన్నెండేళ్లుగా ఈ రెండు గంటల లెక్క నేను తప్పలేదు. సాయంత్రం యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో ఇరవై నిమిషాల నడక. మొదట్లో ఏడు నిమిషాలతో మొదలుపెట్టాను.

సెట్ మీద ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు నా బొటనవేలి సున్నాలు చూసి ఏమిటవని అడిగాడు. చెప్పాను. వాడు ఫోన్ తీసి ఒక పాత మూకీ చూపించాడు. 1915లో తీసిందట. తెల్లగడ్డం పెద్దాయన, వంకర తిరిగిన వేళ్ల మధ్య కుంచె ఇరికించుకుని బొమ్మ వేస్తున్నాడు. పియరీ అగస్ట్ రెన్వార్, ఫ్రాన్సులో పేరున్న చిత్రకారుడు. నా జబ్బే ఆయనదీ. చేతులు బిగుసుకుపోకుండా పని మొదలుపెట్టేముందు బంతులు పైకెగరేసి పట్టుకునేవాడట, దారానికి కట్టిన బంతిని కర్ర కొసమీద నిలబెట్టే ఆట ఆడేవాడట. ఆయన తండ్రి దర్జీ. కొడుకు జీన్ రెన్వార్ సినిమా డైరెక్టరు, మన దేశానికి వచ్చి గంగ ఒడ్డున ‘ది రివర్’ తీశాడు. దర్జీ కొడుకు, సినిమావాడి తండ్రి, మధ్యలో ఈ చేతులు. ఆ మూకీ ఆ రాత్రి మా ఆవిడకీ చూపించాను. చాలాసేపు చూసి, ‘కుంచె లావు చేయించుకుంటే సరిపోయేదిగా’ అంది. మర్నాడు తనే నా మార్కింగ్ పెన్సిలుకి గుడ్డ చుట్టి, లావుగా దారం కట్టి ఇచ్చింది.

పనిలోనూ అలాంటి మార్పులే ఒక్కొక్కటిగా వచ్చాయి. కోయడానికి గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు కట్టర్ కొన్నాను. జీన్స్, తోలు మరో మాస్టర్‌కి ఇచ్చేస్తాను. బల్ల ఎత్తు నాలుగంగుళాలు పెంచి ఎత్తు స్టూలు వేసుకున్నాను. వేళ్లతో చేసే పని గంటకి మించి ఒకేసారి చేయను, మధ్యలో కొలతల పుస్తకం రాస్తాను, ఫోన్లు మాట్లాడతాను. మా వృత్తిలో ప్రతి కుట్టు లోపలా గుడ్డ వదులుతాం. షెడ్యూలు ఆర్నెల్లు సాగితే నటుడి ఒళ్లు మారుతుంది, అప్పుడు విప్పి వదులు చేయాలి కాబట్టి. నా రోజుల్లో కూడా అలా వదలడం మొదలుపెట్టాను. మూడు రోజుల పని అయితే నాలుగు రోజులు చెబుతాను. అలిసిపోయాక తీసుకునే విశ్రాంతి జబ్బు సొమ్మై పోతుంది. అలవకముందే తీసుకున్నది మన దగ్గరే ఉంటుంది.

కానీ పొద్దున గుండీల సంగతి అలాగే ఉండిపోయింది. దానికి మందు నా బల్లమీదే ఉందని ఏడాది తర్వాత గానీ కనిపెట్టలేదు.

పాటల్లో కొన్నిచోట్ల నటుడు స్తంభం వెనక్కి వెళ్లి ఇవతలికి వచ్చేసరికి చొక్కా మారిపోవాలి. ఏడు గుండీలు విప్పే టైముండదు. అందుకని కాజాలు తెరవం. ముందుపట్టీ మీద గుండీలు పైపైన కుట్టేసి, లోపల వెల్క్రో ముక్కలు అంటిస్తాం. గుండీలు ఉత్తుత్తివి. లాగితే ఊడుతుంది, అరచేత్తో నొక్కితే మూసుకుంటుంది. ఒకరోజు షూటింగ్ అయ్యాక అలాంటి చొక్కా సరిచేస్తూ, బావుందో లేదో చూద్దామని నేనే తొడుక్కున్నాను. అరచేత్తో పైనించి కిందికి ఒక్కసారి రాశాను. పూర్తయింది. అలాగే చాలాసేపు నిలబడిపోయాను. ఆ రాత్రి నా ఐదు చొక్కాల పట్టీలూ విప్పేశాను.

వెల్క్రో కుట్టడంలో కిటుకుంది. గరుకు ముక్క ఒంటివైపు రాకూడదు, గీరుతుంది. మెత్తది ఒంటివైపు, గరుకుది బయటివైపు. పట్టీ పొడవునా ఒకే ముక్కగా వేస్తే చొక్కా అట్టముక్కలా నిలబడుతుంది, కూర్చున్నప్పుడు పొట్టదగ్గర ఉబ్బుతుంది. గుండీ ఉన్నచోటల్లా రూపాయి బిళ్లంత ముక్క చాలు. ఉతికేముందు మూసెయ్యాలి, లేకపోతే పోగులు పట్టేస్తుంది. మా ఆవిడకి చెప్పకుండా పొద్దున తొడుక్కుని బయటికొచ్చాను. ఆమె అలవాటుగా చేతులు తుడుచుకుంటూ వచ్చింది, నా ముందు ఆగింది, పట్టీ తడిమి చూసింది. నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. అదే నెలలో, నా కీళ్లకి నేను వేసుకునే రెండో గోళీ హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకి పనిచేస్తుందన్న ప్రచారం మొదలై, షాపుల్లో మాయమైంది. కేంద్రం దాని ఎగుమతి ఆపింది. అది కరోనాకి పనికిరాదని తర్వాత పెద్ద పరీక్షల్లో తేలింది. అప్పటికి మాత్రం నా దగ్గర మిగిలినవి పన్నెండు గోళీలు. ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట దాకా మా అల్లుడు తిరగని షాపు లేదు. ఆ వేసవిలో, పనీ లేక మందూ లేక, అటకమీది నాన్న హార్మోనియం దింపాను. పద్యనాటకాల మీద పెరిగినవాణ్ణి కాబట్టి చిన్నప్పటి నుంచే కొద్దిగా మెట్లు తెలుసు. ఎడమచేయి బెల్లోసు మీద, కుడిచేయి మెట్ల మీద. మెట్టు నొక్కడానికి బలం అక్కర్లేదు, ఒక్కో వేలూ విడిగా లేచి విడిగా దిగితే చాలు. ఫిజియో అమ్మాయి చెప్పిన సున్నాలకి ఇది అన్నదమ్ములాంటిదని నాకనిపించింది. రోజూ సాయంత్రం పావుగంట సరళీవరసలు. ఇప్పటికీ మానలేదు. ఉంగరం వేలు వెనకబడిందంటే ఒకట్రెండు రోజుల్లో వాపు రాబోతోందని నాకు ముందే తెలుస్తుంది.

ఇన్నేళ్లూ సెట్‌లో జబ్బు పేరు చెబితే ‘ముసలివాళ్లకి వచ్చే కీళ్లనొప్పులా?’ అనేవారు. 2022 అక్టోబరులో నటి సమంత తనకి మయోసైటిస్ ఉందని తనే బయటపెట్టారు. అది కండరాలది, నాది కీళ్లది, ఒంటి రక్షణే ఒంటిమీద పడే కోవ మాత్రం ఒకటే. ఆ తర్వాత ఆటోఇమ్యూన్ అంటే మేకప్ అసిస్టెంట్లకి కూడా తెలిసింది. పైకి బాగానే కనిపించే మనిషికి లోపల బాగుండకపోవచ్చని నేను వివరించాల్సిన పని తగ్గింది.

నిమ్స్‌కి ఇప్పుడు భరత్‌నగర్‌లో మెట్రో ఎక్కుతాను, ఐదో స్టేషన్ పంజగుట్ట. 2018 సెప్టెంబరులో అటు లైను తెరవక ముందు బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడటమే నాకు పెద్ద గండం. నిరుడు ఓపీ బెంచీ మీద నా పక్కన ఒక పెద్దమ్మ కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. చేతులు నా చేతుల్లాగే, ఇంకా ఎక్కువ వంకర తిరిగాయి. రైకకి ఐదు హుక్కులుండాల్సిన చోట రెండు పిన్నీసులు, అందులో ఒకటి ఊడి చర్మానికి ఆనుతోంది. కొంగు మాటిమాటికీ లాక్కుంటోంది. నేను టైలర్నని, నాదీ ఇదే జబ్బని చెప్పి, నా చొక్కా పట్టీ లాగి చూపించాను. చప్పుడుకి పక్క బెంచీవాళ్లు కూడా తిరిగారు. ఆమె మాత్రం నా చొక్కా తనే రెండుసార్లు విప్పి మూసి చూసింది.

బోరబండలో ఉంటుందట. వారం తర్వాత కొడుకుతో మా ఇంటికొచ్చింది. పాత రైక కొలతకిచ్చింది. ముందువైపు వెల్క్రో, చంక దగ్గర కాస్త వదులు, చేయి పైకెత్తకుండా తొడుక్కునేలా భుజం కుట్టు అంగుళం ముందుకి తెచ్చాను. హుక్కులు అనవసరమని వేయలేదు. ట్రయల్‌కి లోపలి గదిలోకి వెళ్లి, తలుపు మూసుకుని, ఎవర్నీ పిలవకుండా తొడుక్కుని వచ్చింది. కొంగు సర్దుకుని నా ముందు నిలబడింది.

‘అంత మంచిగనే ఉంది బిడ్డా. గని మీదికి హుక్కులు కనవడాలె. నీ అంగికి గుండీలు పెట్టుకున్నవ్ గద, నాకెందుకు పెట్టలె?’

సుద్ద తీసుకుని ఐదు గుర్తులు పెట్టాను. ఆమె వంగి చూసి, మధ్య గుర్తు కొంచెం కిందికుందని తన వేలితో చూపించింది. నిజమే, పావంగుళం కిందికుంది.